ఖాళీ కళ్ళ నెమలి

అక్టోబరు 24

ఎరువుల కొట్టు హరిబాబు ఈ డైరీ ఇచ్చాడు. ఏడాది అయిపోవస్తుంటే డైరీ ఏంటయ్యా అన్నాను. మిగిలిన కాగితాలు మీకు చాలవేంటండి అన్నాడు. డైరీ సంగతి అన్నాడో నా సంగతి అన్నాడో తెలియలేదు. నవ్వేసి తీసుకున్నాను. ముందు పేజీల నిండా పురుగుమందు డబ్బాలు, చచ్చిన పురుగుల బొమ్మలు. ఐదో క్లాసు మధ్యలో మానేసినవాడికి ఈ మాత్రం పుస్తకం చాలు.

ఇవాళ పెద్ద ఆర్డర్ వచ్చింది. గోదారి ఒడ్డునున్న ఊళ్ళో సుబ్రహ్మణ్యషష్ఠి తీర్థానికి స్వాగత తోరణం. రోడ్డుకి అడ్డంగా, కింద నుంచి లారీ పోయేంత. కమిటీ ప్రెసిడెంటు అప్పాజీ గారు కారేసుకుని రామచంద్రపురంలో మా బోర్డుల కొట్టుకి వచ్చారు. విప్పిన పింఛంతో నెమలి కావాలి, చూసినవాడు నోరు తెరవాలి అన్నారు. మా వైపు జనం అన్నానికీ ఆవలింతకీ తప్ప నోరు తెరవరండి అన్నాను. ఆయన నవ్వలేదు. మా మనవరాలు సాయిదుర్గ నా కాలు తొక్కింది.

కొట్టు ఇప్పుడు దానిదే. పేరు మాత్రం వీరబ్రహ్మం ఆర్ట్స్, అంటే నేను. నేను కుంచెతో రాసేవాణ్ణి. అది కంప్యూటర్లో గీసి, మెషీన్‌తో రేకు కోసి, లైట్లు బిగిస్తుంది. దాని నాన్న, అంటే మా పెద్దాడు, ఆర్టీసీ కండక్టరు. వాడికి తెలిసిన బోర్డు బస్సు ముందుండేదొక్కటే.

అక్టోబరు 26

పొద్దున్నే రగడ. కొత్త మెషీన్‌కి చోటు కావాలట, నీ గోడ ఖాళీ చెయ్యి తాతయ్యా అంది. గోడ ఖాళీ చేస్తే నేనెక్కడ తలెత్తుకోను అన్నాను. అది తల దించుకునే గోడ కదా అంది. మాట పడదు. నా రక్తమే.

ఆ గోడ సంగతి రాయాలి. నా చేతుల్లో చెడిపోయిన ప్రతి బోర్డులోంచీ ఒక ముక్క తెచ్చి అక్కడ మేకు కొట్టాను. బాగా కుదిరినవి ఊళ్ళల్లో వేలాడుతున్నాయి, మెచ్చుకోడానికి బోలెడు మంది ఉన్నారు. చెడినవాటిని చూసేవాడు ఒకడుండాలి కదా.

ఒకటి పచ్చ అద్దం పెంకు. ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టుకి చేశాను. అద్దం వెనక తెల్లటి ట్యూబులైట్లు పెట్టాను. వరి కోతల ముందు చేలల్లో దోమంతా దీపానికి వస్తుందని తట్టలేదు. దీపాలు పెట్టే వేళకి పురుగు ముసిరి పూతరేకుల మీద రాలింది. బెల్లం, నెయ్యి, దోమ. కొట్టాయన నన్ను కాలవ గట్టుదాకా తరిమాడు. అప్పట్నుంచి మిఠాయి కొట్టుకి పసుపు దీపమే.

ఇంకోటి తుప్పు రేకు. సముద్రం దగ్గర పల్లెలో అమ్మవారి బొమ్మ. కళ్ళ దగ్గర ఇనప మేకులు కొట్టాను. ఉప్పుగాలికి అవి తుప్పుపట్టి, వానకి ఎర్రగా చెంపల మీద కారింది. అమ్మవారు ఏడుస్తోందని జనం కొబ్బరికాయలు కొట్టారు. మేకులు మార్చబోతే నన్ను కొట్టబోయారు. తప్పు నాదేనయ్యా అన్నా వినలేదు.

మూడోది వెదురుబద్ద. దాన్ని చూసి మాత్రం నవ్వను. వెదురు చట్రం మీద చిన్న బల్బులతో కుమారస్వామి బొమ్మ కట్టాను, ఇలాంటి తీర్థానికే. వైర్లు కనపడకూడదని వెనక నల్లగుడ్డ కుట్టాను. గాలొచ్చింది. గుడ్డ తెరచాపలా ఉబ్బింది. కింద వైరు చుడుతున్న తాతాజీ మోకాలి మీద పడింది మొత్తం.

తాతాజీ అంటే మా ఎలక్ట్రీషియన్, నా జతగాడు. ఇప్పటికీ కుంటుతూ రోజూ కొట్టుకొచ్చి కూర్చుంటాడు. ఒరేయ్ బ్రహ్మం, నీ బొమ్మ నా మోకాలు మింగేసింది, కక్కించరా అంటాడు. మింగినా అరగలేదురా, అందుకే స్వామి ఇప్పటికీ నీ వైపు చూడడు అంటాను. ఇవాళ ఆ గోడ తియ్యాలంటే నా కాలు కూడా తీసెయ్యమ్మా అన్నాడు సాయిదుర్గతో. అది మెషీన్‌ని గుమ్మం పక్కన పెట్టించుకుంది.

అక్టోబరు 30

డిజైన్ అయ్యింది. పింఛం వెనక గుడ్డా లేదు, రేకూ లేదు. సాయిదుర్గ గాలి పోడానికి ఎక్కడికక్కడ సన్నటి చీలికలు గీసింది, మన ఇళ్ళ వెంటిలేటర్లలా. చూస్తే నాకు ఏడుపొచ్చింది. నెమలా, కోళ్ళ గంపా అన్నాను.

నేను చెప్పాను. పింఛంలో ప్రతి ఈకకీ ఒక కన్నుంటుంది కదా, ఆ కన్నునే ఖాళీగా వదిలెయ్. కోడిగుడ్డు ఆకారంలో కోసి, చుట్టూ నీలం దీపం తిప్పు. గాలికి గాలీ పోతుంది, అందానికి అందం. చీలికలే గట్టి తాతయ్యా, కళ్ళెందుకు అంది. నీకు డిప్లొమా ఉంది, నాకు కళ్ళున్నాయి అన్నాను. చాలాసేపు చూసి, సరే అని కళ్ళే కోసింది.

నా జీవితంలో ఇంత అందమైన ఖాళీ ఎప్పుడూ చెయ్యలేదు.

నవంబరు 11

నీలం దీపాలు బిగించాం. వెలిగించి చూస్తే ఖాళీలన్నీ నన్నే చూస్తున్నాయి. తాతాజీ లేచి ఇంటికెళ్ళిపోయాడు.

నవంబరు 18

తోరణం నిలబెట్టాం. అక్కడ గునపం దింపితే నీళ్ళొస్తాయి, గొయ్యి నిలవదు. అందుకని రెండు కాళ్ళనీ ఇసక నింపిన ఇనప డ్రమ్ముల్లో దించాం. సాయిదుర్గ ఫోన్‌లో లెక్క కట్టి అప్పాజీ గారికి అందరి ముందూ చెప్పింది. కళ్ళు తెరిచి ఉన్నంతవరకే ఈ డ్రమ్ములు ఆపుతాయండి, గాలి అందులోంచి పోవాలి అంది. ఆయన తలూపారు. చెవిలో ఫోన్ ఉంది.

కుడికాలు పక్కనే బెల్లంపాకం జీళ్ళ కొట్టు. లోవలక్ష్మి అని, పల్లెకారుల మనిషి. మొగుడు చేపల వేటకెళ్తాడు, ఆవిడ తీర్థాలు తిరిగి జీళ్ళు అమ్ముతుంది. ఆ చోటు వేలంపాటలో దక్కించుకుందట, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తన ముందు నుంచే నడవాలని. కొట్టు మీద కప్పే బరకం తాడు తెచ్చి తిన్నగా మా తోరణం కాలికి కట్టింది. ఏమే లోవా, నెమలికి గొలుసు వేస్తున్నావా అన్నాను. ఎగిరిపోకుండానండి, మీలాంటోళ్ళు చేసింది ఎప్పుడేం చేస్తుందో అంది. బరకం పట్టుకెళ్తే నీ జీళ్ళూ ఎగురుతాయి అన్నాను. నా జీళ్ళు నోట్లో పెడితే పళ్ళే రావు, ఎక్కడికెగురుతాయండి అంది. నా కట్టుడుపళ్ళు చూసి మరీ అంది.

పోనీలే అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. జనం మూగి ఉన్నారు. ఈ నెమలి మామూలుది కాదు, షష్ఠి రోజు మిట్టమధ్యాహ్నం స్వామి ఎక్కగానే రెక్కలు కొట్టి లేస్తుంది, చూస్తూ ఉండండి అన్నాను గొంతు మార్చి. బ్రహ్మంగారు జోస్యం మొదలెట్టారని అంతా ఒకటే నవ్వు. ఇద్దరు ముసలమ్మలు మాత్రం దణ్ణం పెట్టారు.

నవంబరు 20

దీపాల టెస్టింగుకి వెళ్ళాం. కుడివైపు అన్నిటికంటే కింద కన్నులో ఒక మొహం ఉంది.

పెద్దాయన ఫ్లెక్సీ. నుదుట విబూది, గంధం బొట్టు, తెల్లటి మీసం. అప్పాజీ గారి నాన్నగారట, మొన్న మాఘంలో పోయారు. కోడిగుడ్డు ఆకారం కొలిచి మరీ కోయించి, చట్రానికి డప్పులా బిగించారు. చుట్టూ నా నీలం దీపం. దేవుడి పటంలా ఉంది.

అప్పాజీ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. మా నాన్న ఈ రేవులో గోదారి దాటించే పంటు నడిపేవారండి, ఎక్కువమంది ఎక్కితే రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసేవారు, ఆ ఈలకి సగం పంటు దిగిపోయేది, ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్క ప్రాణం పోలేదు అన్నారు. ఈ ఖాళీ సరిగ్గా ఆయన కోసమే వదిలారండి మీరు అని నా చేతులు పట్టుకున్నారు.

చచ్చిపోయిన తండ్రిని దింపమని ఎవడంటాడు? సాయిదుర్గ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. పోనీ ఒక్కటే కదా అన్నాను దార్లో. అది బండి వేగం పెంచింది.

నవంబరు 21

ఒకటి కాదు.

పెద్దాయన్ని పెడితే పక్కవీధివాళ్ళు ఊరుకుంటారా? అన్నదానం బియ్యం ఇచ్చినాయన, ఆయన భార్య. మైకుసెట్టు ఇచ్చినాయన. ఒక వీధివాళ్ళది పైకన్నులో పెట్టారని ఇంకో వీధివాళ్ళు ఇంకా పైకన్ను అడిగారు. ఈమధ్యే పుట్టిన ఒక చంటిపిల్ల మొహం కూడా ఉంది, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని.

అన్నీ మా ఎదురు కొట్టు ఫిన్నీయే ప్రింట్ చేస్తున్నాడు. ఫ్లెక్సీ కుర్రాడు, మంచివాడే, నవ్వుతూ ఉంటాడు. ఏరా, నా నెమలికి కాటుక బదులు శుక్లాలు పెడుతున్నావేంటి అన్నాను. బాబాయ్, మీరు ఫ్రేములు చేశారు, నేను ఫోటోలు పెడుతున్నాను, ఇందులో నా తప్పేంటి అన్నాడు.

వాడు నవ్వుతూ అన్న మాట నాలో దిగబడిపోయింది. ఫ్రేములు.

నవంబరు 22

బంగాళాఖాతంలో వాయుగుండమట. తాతాజీ మోకాలు పొద్దుట్నుంచీ లాగుతోందట. వాడు జోకు వెయ్యలేదు.

నవంబరు 23

అన్ని కళ్ళూ నిండాయి. గోదారి అవతల నుంచి వచ్చే గాలికి పింఛం మొత్తం ఒక్కసారి వెనక్కి వాలి, మళ్ళీ ముందుకొస్తోంది. ఊపిరి తీస్తున్నట్టు. కాళ్ళ దగ్గర డ్రమ్ములు కిర్రుమంటున్నాయి.

కమిటీ పందిట్లోకి వెళ్ళి చెప్పాను. అయ్యా, ఆ ఫ్లెక్సీలు దింపించండి, లేకపోతే నెమలి పడిపోతుంది అన్నాను. పందిరంతా గొల్లుమంది. మొన్న ఎగురుతుందన్నారు, ఇవాళ పడుతుందంటున్నారు, ఏదో ఒకటి తేల్చుకోండి బ్రహ్మంగారూ అన్నాడొకడు. ఒట్టు అన్నాను. ఒట్టు కూడా వేశారని ఇంకా నవ్వారు. టీ ఇచ్చారు. తాగాను.

అప్పాజీ గారు పక్కకి తీసుకెళ్ళారు. పోనీ దింపొద్దు, అక్కడక్కడ చిన్న చిన్న చిల్లులు పెట్టనివ్వండి, గాలి పోతుంది అన్నాను. ఆయన మొహం మారిపోయింది. మా నాన్న మొహానికి చిల్లులు పెడతారా అన్నారు. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

నవంబరు 24

సాయిదుర్గ తన వంతు చేసింది. ఇసక డ్రమ్ములు ఇంకో నాలుగు ట్రాక్టర్ మీద తీసుకెళ్ళింది. రోడ్డుకి రెండుపక్కలా కొట్లు, రంగులరాట్నం. ట్రాక్టర్ దూరలేదు. వెనక కొబ్బరిచెట్టుకి తాళ్ళు కట్టి వచ్చింది. తను ఇటు రాగానే పల్లకీకి అడ్డమని విప్పేశారట. పోలీసాయనకి చెప్తే కమిటీ వాళ్ళనడుగుతానన్నాడు. అడిగాడు. వాళ్ళు టీ ఇచ్చారు.

తిరిగొచ్చి గోడ ముందు నిలబడింది. వెదురుబద్ద ముట్టుకుని, తాతయ్యా, ఆరోజు వెనక గుడ్డ కట్టావు కాబట్టి పడింది, అది నేర్చుకున్నావు, ఈసారి గుడ్డ కట్టలేదు, మరెందుకు పడబోతోంది అంది.

నేను చెప్పాను. ఆరోజు ఖాళీ లేకపోవడం తప్పు. ఈసారి ఖాళీని ముస్తాబు చెయ్యడం తప్పు. చుట్టూ దీపం పెట్టి, రా రా అని పిలిచినట్టు చేశాను. ఖాళీ అందంగా ఉంటే ఎవడో ఒకడు అందులో మొహం పెట్టకుండా ఉంటాడా? నువ్వు గీసిన చీలికల్లో ఏ మొహం పడుతుంది, చీమ మొహం తప్ప.

దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు. కోళ్ళ గంపే నయం కదా అంది మెల్లగా, నా మాటే నాకు తిరిగిస్తూ. ఇద్దరం నవ్వలేకపోయాం.

నవంబరు 25

లోవలక్ష్మి దగ్గరికెళ్ళి చోటు మార్చుకోమన్నాను. పాటలో కొనుక్కున్న చోటండి అంది. గాలొస్తుందే అన్నాను. సముద్రం పక్కన పుట్టినదాన్ని, ఈ గాలి నాకు విసనకర్రతో సమానం అంది. మళ్ళీ నా మొహంలోకి చూసి, ఈసారి ఏం కథ అల్లుతున్నారండి, నెమలి గుడ్డు పెడుతుందా అంది. జీడి ముక్క చేతిలో పెట్టింది.

యాభై ఏళ్ళు జనాన్ని నవ్వించాను. ఇప్పుడు నేనేం మాట్లాడినా ముందు నవ్వొస్తోంది వాళ్ళకి, మాట తర్వాత వినపడుతోంది. వినపడేలోపు నవ్వు అయిపోతోంది, మాట కూడా.

నవంబరు 26, షష్ఠి. పొద్దున 11

డైరీ సంచిలో వేసుకొచ్చాను. తాతాజీ రాలేదు. నేను రానురా, నువ్వూ వెళ్ళకు అన్నాడు. సాయిదుర్గ డ్రమ్ముల దగ్గర కూర్చుంది, చేతులతో ఆపేదానిలా.

జనం నేల ఈనినట్టున్నారు. అందరూ తోరణం కిందనుంచే గుళ్ళోకి. పైన మొహాలన్నీ ఉబ్బుతున్నాయి, పీల్చుకుంటున్నాయి.

మధ్యాహ్నం 1

అన్నదానం మొదలైంది. జనమంతా పందిళ్ళ వైపు పోయారు. ఇదే అదును. మా నిచ్చెన అక్కడే ఉంది. లోవా, దీపం ఒకటి ఆరిపోయింది, కాస్త నిచ్చెన పట్టుకో అన్నాను. పట్టుకుంది.

ఎక్కాను. నాకు అందేది అన్నిటికంటే కింద కన్ను, పెద్దాయనదే. జేబులోంచి స్టిక్కర్ కత్తి తీశాను. కళ్ళు కొయ్యడానికి చేయి రాలేదు. నుదుట విబూది. ఇక మిగిలింది నోరు. మీసం కింద అడ్డంగా ఒక్క గీత గీశాను. గాలి నా మొహం మీదకి బుస్సుమని వచ్చింది. నిచ్చెన కదిలింది. ఇంకోటి కొయ్యలేకపోయాను. దిగిపోయాను.

లోవలక్ష్మి చూసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ప్రెసిడెంటుగారి నాన్నకి నోరు తెరిపించారేంటండీ, చూస్తే మీ తోలు తీస్తారు అంది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది.

ఒక్క చీలిక. అంత పింఛానికి ఒక్కటి. చాలదు.

2.30

పెద్దాయన ఈల వేస్తున్నాడు.

పిల్లలు కొబ్బరాకుతో బూర చేస్తారు చూడండి, అలాగ. బిగించిన ఫ్లెక్సీలో సన్నటి చీలిక, అంచులు రెండూ గాలికి కొట్టుకుంటున్నాయి. ముందు సన్నగా వచ్చింది. గాలి పెరిగేకొద్దీ పంటు రేవు దాకా వినపడేంత అయ్యింది.

ఆ ఊళ్ళో ఆ ఈల తెలియనివాడు లేడు. తింటున్న ఆకుల ముందు నుంచి లేచొచ్చారు. అమ్మో పెద్దాయన, పెద్దాయన అంటున్నారు. తోరణం కిందే గుంపు కట్టారు. ఫోన్లెత్తి వీడియోలు. పిల్లల్ని భుజాలకెత్తుకుని చూపిస్తున్నారు. హారతి పళ్ళెం తెచ్చారు. నేను గాలి కోసం కోస్తే, ఆ చీలిక జనాన్ని తెచ్చింది.

డ్రమ్ము ఒకవైపు లేచింది, వేలు దూరేంత. సాయిదుర్గ నా వైపు అరుస్తోంది. ఈలలో వినపడట్లేదు.

వెళ్తున్నాను.

సాయంత్రం 5

జరిగింది జరిగినట్టు రాయాలి.

గుంపు మధ్యలో అప్పాజీ గారు. తలెత్తి తండ్రినే చూస్తున్నారు, చెంపలు తడి. వెళ్ళి భుజం పట్టుకున్నాను. పడిపోతుంది అనబోయాను. అంటే నవ్వుతారు. గోడ మీద తుప్పు రేకు గుర్తొచ్చింది, నిజం చెప్పినందుకు నన్ను కొట్టబోయిన జనం.

అబద్ధం చెప్పాను. అప్పాజీ గారూ, మీ నాన్నగారు ఎప్పుడు ఈల వేసేవారండి అన్నాను.

ఆయన నా వైపు చూశారు. ఎక్కువమంది ఎక్కితే అన్నారు. మరి ఇప్పుడు వేస్తున్నారెందుకండి, చూడండి ఎంతమంది ఎక్కారో అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా ఒళ్ళే జలదరించింది.

ఆయన మొహంలో రక్తం లేదు. దిగండి, దిగండి అని అరిచారు. రోడ్డు మీద నిలబడి దిగండి అంటే ఎవడైనా నవ్వాలి. ఒక్కడూ నవ్వలేదు. ముసలివాళ్ళు ముందు కదిలారు, వాళ్ళు ఆ పంటు ఎక్కినవాళ్ళే. పిల్లల్ని లాక్కుని వెనక్కి, ఇటు కొందరు, అటు కొందరు. రోడ్డు గోదార్లా విడిపోయింది.

లోవలక్ష్మి కదల్లేదు. పాకం లాగుతూ నవ్వుతోంది. నోరు కోసింది ఎవరో దానికి తెలుసు కదా. ఊరంతటినీ బుట్టలో వేశారండి బాబూ, మీ నాటకానికి నేను మాత్రం లేవను అంది.

ఏదో ఒకటి వేసి లేపుదామనుకున్నాను. ఒక్క జోకు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అలా ఎప్పుడూ జరగలేదు. లోవలక్ష్మి గారూ అన్నాను. లేవండమ్మా అన్నాను. అంతే.

ఆవిడ పాకం వదిలేసింది. నా మొహం చూసింది. మారుమాట లేకుండా లేచి నా వెనక నడిచింది. సాయిదుర్గ బరకం తాడు కత్తితో కోసేసి మా వెనకే పరిగెత్తింది.

నెమలి ఒక్కసారి పడలేదు. ముందు కుడికాలు డ్రమ్ములోంచి బయటికి వచ్చింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుంటున్నట్టు వంగింది. మొహాలన్నీ నేల వైపు తిరిగాయి. జీళ్ళ బల్ల మీద పడింది. ఈల చివరిదాకా ఆగలేదు. నేలకి తగిలాకే ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. బల్ల నుగ్గయింది. లోవలక్ష్మి రోడ్డు మీద కూర్చుని జీళ్ళ ముక్కలు ఏరుతోంది. ఏరుతూ ఏడుస్తోంది. పిల్లలెవరూ లేరు కదండీ కింద, పిల్లలెవరూ లేరు కదండీ అని నన్నే అడిగింది, ఎన్నిసార్లో.

నవంబరు 27

గాలి తగ్గింది. తాతాజీ వచ్చాడు. ఎవరి కాళ్ళు వాళ్ళకున్నాయా అని అడిగి ఇంటికెళ్ళిపోయాడు.

నవంబరు 29

ఆ ఊరు వెళ్ళి అప్పాజీ గారికి నిజం చెప్పాను. అయ్యా, నోరు నేనే కోశాను. ఈల గాలిది. పడింది మా డిజైన్‌లో తప్పు వల్ల, మీ ఫ్లెక్సీల వల్ల. లోవలక్ష్మి సాక్షి. పక్కన నిలబడి ఆవిడా అదే చెప్పింది.

ఆయన అంతా విని నా చేతులు పట్టుకున్నారు. మీ చేత కోయించింది ఎవరనుకుంటున్నారండి అన్నారు.

నేను నోరు తెరిచాను. చూసినవాడు నోరు తెరవాలని ఆయన మొదటి రోజే అడిగారు కదా.

లోవలక్ష్మి బల్ల కమిటీయే కొత్తది చేయించి ఇచ్చింది. ఆవిడ తీసుకుంది గానీ, ఈ ఊరి తీర్థానికి మళ్ళీ రానండి అంది నాతో, బస్సెక్కుతూ. మీరు గారు అని పిలిస్తే భయమేస్తోంది, మామూలుగా పిలవండి అంది. ఏమే లోవా, చిల్లర ఉందా అన్నాను. అప్పుడు నవ్వింది.

పెద్దాయన ఫ్లెక్సీ గుళ్ళో పెడదామనుకున్నారట. చినిగిన పటం గుళ్ళో పనికిరాదని పూజారి గారు అన్నారు. గోదాట్లో కలిపెయ్యబోతుంటే నేను అడిగి తెచ్చుకున్నాను. వెదురుబద్ద పక్కన మేకు కొట్టాను. కింద సాయిదుర్గ నీలం దీపం తీగ ముక్క కూడా కట్టింది. అసలు తప్పు అదే కదా తాతయ్యా అంది.

డిసెంబరు 14

కమిటీ వాళ్ళు వచ్చారు. వచ్చే ఏడు కూడా అదే నెమలి కావాలట, అవే కళ్ళు, అవే మొహాలు. పెద్దాయనకి మాత్రం నోరు ఇంకాస్త పెద్దది పెట్టాలట, దూరానికి వినపడేలా. కింద కూర్చుని వినడానికి కుర్చీలు వేయిస్తారట. జీళ్ళ కొట్టు చోటు కోసం ఇప్పట్నుంచే కొట్టుకుంటున్నారట.

సాయిదుర్గ వాళ్ళని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. వెదురుబద్ద చూపించింది, తుప్పు రేకు చూపించింది, అన్నీ చెప్పింది. వాళ్ళు పెద్దాయన పటం దగ్గర చెప్పులు విడిచారు.

మేం చెయ్యం అనేసింది. ఈసారి నేను దాని కాలు తొక్కలేదు.

డిసెంబరు 16

ఆర్డర్ ఫిన్నీ తీసుకున్నాడట. వెళ్ళి చెప్పాను, అబ్బాయ్, వద్దురా అని. బాబాయ్ మళ్ళీ మొదలెట్టాడని నవ్వాడు. వాడి కొట్లో పనివాళ్ళు కూడా నవ్వారు.

డిసెంబరు 31

ఆఖరి కాగితం. హరిబాబు లెక్క సరిపోయింది.

ఇవాళ గాలి లేదు. కిటికీ వేసే ఉంది. అయినా గోడ మీద పెద్దాయన ఈల వేస్తున్నాడు. కొట్లో ఉన్నది నేనొక్కణ్ణే. లేచి బయటికొచ్చి కూర్చున్నాను.